పని నేర్పే బొమ్మ – ఉద్యోగుల శిక్షణలో మల్టీమీడియా

(పూర్వ విద్యార్థి, ఎం.బి.ఏ. – మానవ వనరులు)



ఎం.బి.ఏ.లో నాకు బాగా నచ్చిన పాఠం ఉద్యోగుల శిక్షణ. ఇది పెద్ద కంపెనీల వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. మనకు వండిపెట్టే కుక్, కామాటి, రాత్రంతా మేలుకొని ఉండే వాచ్‌మన్ కూడా ఉద్యోగులే. రేపు మీరు టీచర్లో, నర్సులో, సూపర్‌వైజర్లో అయినప్పుడు మరొకరికి పని నేర్పవలసిన బాధ్యత మీ మీద పడుతుంది. అందుకే ఈ వ్యాసం.

మల్టీమీడియా అంటే ఏమిటి?

అక్షరం, బొమ్మ, మాట, కదిలే దృశ్యం – వీటిని కలిపి ఒక విషయాన్ని చెప్పడమే మల్టీమీడియా. దీనికి కంప్యూటర్ ఉండితీరాలన్న నియమం లేదు. గోడమీది పటం చూపిస్తూ సైన్సు సారు చెప్పే పాఠం కూడా మాటా బొమ్మా కలిసిన పాఠమే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ 2001లో ‘మల్టీమీడియా లెర్నింగ్’ అనే పుస్తకం వెలువరించారు. వట్టి మాటలతో చెప్పినదానికంటే మాట, బొమ్మ కలిపి చెప్పినది బాగా అర్థమవుతుందని ఆయన పరిశోధనల్లో తేలింది. పాఠాన్ని చిన్న భాగాలుగా విడగొట్టాలి. పుస్తక భాషలో కాకుండా మాట్లాడే భాషలో చెప్పాలి. విషయంతో సంబంధంలేని సంగీతం, హంగులు చేరిస్తే నేర్చుకునేది తగ్గుతుంది. ఈ మూడు సంగతులు గుర్తుంచుకోండి.

మన దేశంలో జరిగిన ప్రయోగం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఇస్రో, అమెరికాకు చెందిన నాసా కలిసి ‘సైట్’ అనే ప్రయోగం చేశాయి. ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కోళ్ళకు కట్టే వలలాంటి ఇనుప జాలీతో చేసిన 3 మీటర్ల యాంటెన్నాలు ఊళ్ళలో నిలబెట్టారు.

ఆ ఏడాది సెలవుల్లో వేలాది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరే ‘మల్టీమీడియా ప్యాకేజీ’. టీచర్లను టీవీ ముందు కూర్చోబెట్టి వదిలేయలేదు. టీవీ పాఠంతోపాటు రేడియో పాఠం, అచ్చు పుస్తకం ఉండేవి. టీచర్లు స్వయంగా ప్రయోగాలు చేసేవారు. పక్కన ఉండి నడిపించడానికి ఒక మనిషి ఉండేవారు. మనం పట్టుకోవలసిన సూత్రం ఇదే: బొమ్మ చూపిస్తుంది, మనిషి చేయిస్తాడు, చేస్తేనే పని వస్తుంది.

ఉత్సాహం ఎలా వస్తుంది?

2006లో బెంగళూరులో మొదలైన ‘డిజిటల్ గ్రీన్’ ఉద్యోగుల కోసం కాక రైతుల కోసం పుట్టింది. అయినా మనకు పనికొచ్చే సంగతి అందులో ఉంది. అక్కడి వీడియోల్లో సినిమా నటులు ఉండరు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులే కనిపిస్తారు. చూసేవాళ్ళు ముందుగా అడిగేది ‘ఆయన పేరేమిటి, ఏ ఊరు?’ అని. మనలాంటి మనిషే చేశాడంటే మనమూ చేయగలమన్న ధైర్యం వస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా అమ్మ అంగన్‌వాడీలో ఆయా. చదువు రెండో తరగతితో ఆగిపోయింది. మీటింగుకు వెళ్ళినప్పుడల్లా చేతికి ఒక కాగితం ఇచ్చేవారు. నేను హాస్టల్‌లో చేరాక ఆ కాగితాలు నేను సెలవులకు వచ్చేదాకా దూలం సందులో ఉండిపోయేవి. తర్వాత అలాంటి విషయాలే ఫోన్లో వీడియోలుగా వచ్చాయి. అమ్మ చూసి, తాను నేర్చుకొని, మా పిన్నికి కూడా నేర్పింది. లోపం అమ్మ తెలివిలో లేదు, నేర్పిన పద్ధతిలో ఉంది.

మన వంటగదిలో

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షిత ఆహారానికి 5 సూత్రాలు ప్రకటించింది. చేతులు, పాత్రలు శుభ్రంగా ఉంచడం. పచ్చి పదార్థాలను వండినవాటికి దూరంగా పెట్టడం. లోపలిదాకా బాగా ఉడికించడం. వండినదాన్ని 2 గంటలకు మించి బయట చల్లారనివ్వకపోవడం. మంచి నీరు, మంచి సరుకు వాడటం. వీటిలో ఒక్కటి తప్పినా ఆ పూట అన్నం తిన్న పిల్లలందరూ ఆసుపత్రి పాలు కావచ్చు. ఇంత ముఖ్యమైన సంగతిని చదవడం రాని మనిషికి సర్క్యులర్ ఇచ్చి సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా?

వార్డెన్ గారి అనుమతితో మీరే ఈ పని చేయవచ్చు:

1. ఒక్కో సూత్రానికి ఒక్కో వీడియో తీయండి. 3 నిమిషాలు దాటవద్దు.
2. మన వంటగదిలోనే, వంట అక్కతోనే, ఆమె మాటల్లోనే చెప్పించండి. ఆమె ఇష్టపడితేనే తీయండి.
3. చూపిస్తూ మధ్యలో ఆపి, ‘తర్వాత ఏం చేయాలి?’ అని అడగండి.
4. చూసిన వెంటనే చేయించండి. వారం తర్వాత మళ్ళీ గమనించండి.

కొన్ని జాగ్రత్తలు కూడా అవసరం. శిక్షణ డ్యూటీ వేళల్లోనే జరగాలి. అలసి ఇంటికి పోయిన మనిషి ఫోనుకు వీడియో పంపి, తన సొంత డబ్బుతో వేయించుకున్న డేటా ఖర్చుచేసి చూడమనడం న్యాయం కాదు. ‘చూశాను’ అని మీట నొక్కినంత మాత్రాన పని వచ్చినట్టూ కాదు. అలాగే సబ్బు, వేడినీళ్ళు, గ్యాస్ సరిగా ఇవ్వకుండా వీడియోలు ఎన్ని చూపించినా ఫలితం ఉండదు. పనిముట్టు ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. దాని లోటును ఏ బొమ్మా తీర్చలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వచ్చే వార్షికోత్సవంలో పాటలు, నాటికల మధ్య ఆ 3 నిమిషాల వీడియో ఒకటి వేయండి. అందులో పని నేర్పిన వంట అక్కను వేదిక మీదికి పిలిచి, ఆ సూత్రాన్ని ఆమె నోటితోనే మనందరికీ చెప్పించండి. పని చేసే మనిషికి గౌరవం దక్కినచోట నేర్చుకోవాలన్న కోరిక దానంతటదే పుడుతుంది.