మోడు పీకే ముందు



అల్లుడూ, చెరువు కింద ఆరెకరాల సర్కారు తుమ్మ కంప పీకే పని ఒప్పుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సొంత ఎక్స్‌కవేటరు బండి మీద నీకిది మొదటి పని. చాలా సంతోషమైంది. మాటల్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

సర్కారు తుమ్మను పొదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలోని అరిజోనాలో గని తవ్వుతుంటే ఈ జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనబడింది. మన సీమకు వచ్చింది నిన్న మొన్న కాదు, 1877లో కమలాపురం దగ్గర నాటించారు. అలాంటి వేరును మొదలంటా లాగాలని చూస్తే డీజిలు తగలడిపోతుంది. లాగనక్కర్లేదు కూడా. పిలక పుట్టేది నేల కింద జానెడు లోపలున్న ముడి దగ్గర. ఆ ముడి కింద, మూరెడు లోతున తెంపితే చెట్టు చస్తుంది. నేల మట్టానికి నరికితే మాత్రం ఒకటి ఉన్న చోట నాలుగు లేస్తాయి.

తెంపడానికి బకెట్టు పనికిరాదు, రిప్పరు కావాలి. ఇరవై టన్నుల బండి బకెట్టు తవ్వే బలం దాదాపు పద్నాలుగు పదిహేను టన్నులు. ఆ బలం ఐదు పళ్ళకు పంచుకుపోతుంది. రిప్పరుకు ఉన్నది ఒకటే పన్ను, బలమంతా దాని మొన మీదే. ముందు అటూ ఇటూ పక్కవేర్లు తెంపు. తర్వాత మోడుకు అవతల పన్ను దింపి, కిందుగా పోనిచ్చి నీ వైపు లాగు. చెట్లు కొట్టేవాళ్ళకు ముందే చెప్పి మోడును రొమ్మెత్తు వదిలించు. ఆ పొడవే నీకు పట్టు.

మోడు కదలనప్పుడు బకెట్టు ఆనించి, బండిని పక్కకు తిప్పి తోయాలని చెయ్యి లాగుతుంది. ఎంత విసుగొచ్చినా తోయొద్దు. ఆ దెబ్బంతా స్వింగు గేరుకూ బూము పిన్నులకూ తగులుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. బండెక్కిన రెండో ఏడు ఒక రైతు చేలో కంపనంతా బకెట్టుతోనే గీకేశాను. చేను అద్దంలా ఉందని మురిసిపోయాను. మోళ్ళతో పాటు పైమన్ను గట్టుకు పోయింది, కింది సుద్ద పైకొచ్చింది. ఆ ఏడు ఆయన వేసిన శనక్కాయ ఆకంతా పసుపెక్కింది, ఊడలు సరిగా దిగలేదు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ చేని పక్కగా పోవాలంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. జానెడు పైమన్ను ఏర్పడడానికి ఎన్ని తరాలు పడతాయో, నేను రెండు రోజుల్లో ఎత్తిపోశాను.

అందుకే మోళ్ళు లేచాక రేక్ తగిలించు. అది పెద్ద గొర్రు లాంటిది. పళ్ళ సందుల్లోంచి మన్ను జారిపోయి వేర్లు, కంప మాత్రమే పోగవుతాయి. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా దువ్వు. మోడును కుప్పలో వేసే ముందు రెండుసార్లు ఎత్తి విదిలించు. మన్ను చేనికి మిగులుతుంది, బొగ్గు బట్టీ వాళ్ళకూ శుభ్రమైన మొద్దే కావాలి. గుంతలు పూడ్చేటప్పుడు కింది మన్ను కిందే వేసి తొక్కించు, పైమన్ను ఆఖర్న వెయ్యి. గంటల లెక్కన డబ్బులిచ్చే రైతుకు ఇదంతా ముందే విడమరిచి చెప్పు, ఒప్పుకుంటాడు.

వాన పడ్డ రోజే దిగొద్దు. నల్లరేగడిలో బండి కూరుకుపోతుంది. నాలుగైదు రోజులు ఆగి పదును చూసుకో, వేరు సులువుగా వదులుతుంది. బోరు పైపు, మోటారు కేబులు ఎటు పోయాయో రైతును వెంట నడిపించి చూసుకో. పైన కరెంటు తీగ ఉంటే ఆ మూల వదిలెయ్.

క్విక్ హిచ్‌తో రిప్పరు మార్చిన ప్రతిసారీ బండి దిగి పిన్ను కంటితో చూడు. మళ్ళీ ఎక్కి, నేలకు ఆనించి నొక్కి చూడు. ఊడిపడితే కింద ఉన్న మనిషి బతకడు. మోళ్ళు ఏరడానికి వచ్చే ఆడవాళ్ళూ పిల్లలూ బండి తిరిగే దూరంలో ఉంటే ఇంజను ఆపెయ్, అరిస్తే వినబడదు.

నా దగ్గర పాత రిప్పరు ఒకటి పడి ఉంది. నీ బండి పిన్ను మందం, చెవుల మధ్య వెడల్పు కొలిచి రాసి పంపు. సరిపోతే మీ వైపు వచ్చే లారీలో వేయిస్తాను. పన్ను కొన మాత్రం అరిగింది, కొత్తది వేయించుకో.

నీ
మామ