ఎసెన్సు సీసా మీద రాయని మాట

నల్గొండ,
ఆదివారం రాత్రి

అల్లుడా,

నువ్వు బస్సెక్కి పోయినంక గోదాముల మామిడి వాసన వచ్చింది. కార్తీక మాసంల మామిడి వాసనేంటిదని, మ్యాంగో ఎసెన్సు సీసా ఏదన్న పగిలిందేమోనని, అటక మీద సీసాలన్నీ దించి మూతలు తిప్పి చూసిన. అన్నీ గట్టిగనే ఉన్నయి. వెనుకకు తిరిగితే మైదా బస్తాల నడుమ, ప్లగ్గుకు తగిలించి మరిచిపోయిన నీ పెన్ను లాంటి ఈ-సిగరెట్టు డబ్బ కనవడ్డది. నీలం రంగు, కొసకు మిణుకుమిణుకుమనే లైటు. ఇరవై ఎనిమిదేండ్ల సంది బేకరీ నడుపుతున్నోన్ని. ఈ ముక్కు కాడనా దాచేది?

ఫోన్ల అడిగితే నువ్వు అబద్ధమాడలే, అది నచ్చింది. కాని ఒక మాట అన్నవు. "మామా, ఇండ్ల పొగాకు లేదు, ఉత్త ఫుడ్ గ్రేడ్ ఫ్లేవరే. నువ్వు కేకులల్ల పోసేదే నేను పీలుస్తున్న" అన్నవు. ఆ మాటకే ఈ ఉత్తరం. సిగరెట్టు సంగతైతే మీ నాయిన దగ్గు విని నేర్చుకొమ్మని ఊకుందును. ఇది నా సరుకు సంగతి. నేను చెప్పకపోతే నీకెవరు చెప్తరు?

ఎసెన్సు సీసా మీద ఏముంటదో నాకు తెల్వనిది కాదు. కిలో పిండికి ఎంత వేయాల్నో ఉంటది, ప్రొపిలీన్ గ్లైకాల్‌ల కలిపినమని ఉంటది, లైసెన్సు నంబరుంటది. ఆ లెక్కంత కడుపుకు కట్టిన లెక్క. అమెరికాల ఫ్లేవర్లు తయారుచేసేటోళ్ల సంఘం ఒకటున్నది, ఫెమా అంటరు. అక్కడ ఏ ఫ్లేవరు తిండిల వాడొచ్చో చెప్పేది ఎక్కువగ వాళ్లు పెట్టిన నిపుణులే. మేము చూసింది తింటే ఏమైతదనే, పీలిస్తే ఏమైతదని కాదు, మా పేరు ఈ-సిగరెట్లకు వాడుకోకుండ్రని ఆ సంఘమే చెప్పింది. అమ్మేటోళ్లే మాది కాదన్నంక కొనేటోనికి ధైర్యమెక్కడిది?

తిన్నది కడుపుల పులుపుల నాని, పేగుల అరిగి, కాలేయం కాడ వడపోతయి, అటెనుక నెత్తురంత తిరుగుతది. ఊపిరితిత్తులకు ఇన్ని చౌకీలు లేవు. అండ్ల గాలికీ నెత్తురుకూ నడుమ ఉన్న పొర, తలవెంట్రుక మందంల వందో వంతు కూడ ఉండదు. అరిగించేది లేదు, వాంతి చేసుకునేది లేదు.

నీకు నమ్మకం కుదరకపోతే మన ఇంటి సంగతే చెప్త. మీ అమ్మ మూడు నెలల పిల్లప్పుడు, మా అమ్మ రోజూ తానం పోసి, ముక్కుల రెండు చుక్కలు మంచినూనె వేసేది. వాడకట్టుల అందరూ అదే చేసేది. ఒకనాడు పిల్లకు ఆయాసం పట్టింది, డొక్కలు ఎగరేస్తున్నది, పెదవులు నల్లగైనయి. దవాఖానకు తీస్కపోతే డాక్టరు మా అమ్మను అందరి ముందట తిట్టిండు. నూనె ఊపిరితిత్తులల్లకు దిగి నిమోనియా చేసిందన్నడు. మా అమ్మ ఏడ్చుకుంట అన్న మాట నాకింక యాదికున్నది: "అదే నూనెతోని పప్పు పోపు పెట్టుకొని తింటిమి గద సారూ." నువ్వన్నదీ అదే మాట అల్లుడా. యాభై ఏండ్ల కింద బడికి పోని మా అమ్మ అంటే అర్థమున్నది, ఇంజినీరింగు చదివే నువ్వంటే ఎట్ల?

మీ పాలమూరు దిక్కే చూడు, షాద్‌నగర్ చుట్టుపక్కల పలుగురాయి పొడి కొట్టే మిల్లులల్ల పనిచేసినోళ్లు సిలికోసిస్‌తోని పాడైపోయిన్రు. పలుగురాళ్ల మీద మనం ఆడుకున్నం, నోట్లె కూడ పెట్టుకున్నం, ఏం కాలే. అదే రాయి పొడై లోపలికి పోతే ఊపిరి రాయైంది.

ఎసెన్సు మాటకే వస్త. అమెరికాల మిస్సోరి రాష్ట్రంల మక్క ప్యాలాల ఫ్యాక్టరీ ఒకటి. వేడి చేసిన సోయా నూనెల వెన్న వాసన వచ్చే ఫ్లేవరు కలిపి, మైక్రోవేవుల పెట్టే ప్యాకెట్లల్ల నింపుతరు. అండ్ల పనిచేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తులు చెడిపోయినయని 2000ల బయటపడ్డది. కలిపే గదిల, తొట్టి కాడ నిలబడ్డోళ్లకు ఆవిరి ఎక్కువ తగిలేది. ఊపిరితిత్తుల చిన్న చిన్న గొట్టాలు మచ్చలు కట్టి మూసుకపోయినయి. కొందరు వేరేవాళ్ల ఊపిరితిత్తి కోసం వరుసల నిలబడవలసొచ్చింది. దానికి కారణమని తేలింది డయాసిటైల్ అనే మందు. అది విషం కాదు, అల్లుడా. అసలు వెన్నల కూడ కొంచెముంటది. తిన్నోళ్లకు ఏం కాలే, ఆవిరి పీల్చినోళ్లకైంది. ఆ ముచ్చట చదివినప్పుడు నా గుండె ఝల్లుమన్నది. బటర్ బిస్కట్లకు కరిగిన డాల్డాల ఫ్లేవరు పోసి, గిన్నె మీద వంగి, కండ్లు మూసుకొని వాసన చూసుడు నాకు ఏండ్ల అలవాటు. వారంల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించిన. ఇప్పుడు మా పిల్లగాండ్లను కూడ వంగనియ్య.

2015ల హార్వర్డ్ వాళ్లు ఈ-సిగరెట్ల ఫ్లేవర్లు 51 తీస్కొని చూస్తే 39టిల డయాసిటైల్ దొరికింది. బ్రిటన్‌ల 2016 సంది అది కలపొద్దని పెట్టిన్రు. దాని బదులు కొందరు పెంటాడయోన్ అనేది వాడిన్రు, అది కూడ అదే పని చేస్తదని తేలింది. దాల్చినచెక్క ఫ్లేవరుంటది చూడు, దాని ఘాటు శ్వాసనాళంల దుమ్మును పైకి ఊడ్చే సన్న నూగును మందగింపజేస్తది. వనిలా సంగతి ఇంక చిత్రం. సీసాలనే ప్రొపిలీన్ గ్లైకాల్‌తోని కలిసి కొత్త పదార్థమైతది. కాల్చకముందే!

నిన్ను భయపెట్టాలని గోరంత కొండంత చేస్తలేను. ఈ డబ్బ పీల్చి మక్క ప్యాలాల జబ్బు వచ్చిందని గట్టిగ రుజువైనోళ్లు లేరు. సిగరెట్టు పొగల కూడ డయాసిటైల్ ఉంటది, ఇంక ఎక్కువనే ఉంటది. అమెరికాల 2019ల ఇట్లాంటి డబ్బలు పీల్చినోళ్లల్ల ఊపిరితిత్తుల గత్తర లేసి, 2020 ఫిబ్రవరి నాటికి దవాఖానల పాలైనోళ్లు, చనిపోయినోళ్లు కలిపి 2,807 మంది, అండ్ల చావులు 68. అది ఎక్కువగ గంజాయి సారం కలిపిన సీసాలతోని అయింది. ముఖ్య కారణం విటమిన్ ఇ ఎసిటేట్ అన్నరు. ముఖానికి రాసుకుంటరు, గోలీల మింగుతరు, అదే మందు. మళ్ల మా అమ్మ మంచినూనెనే.

లండన్‌ల డాక్టర్లే ఈ డబ్బ వాడుమంటరని కూడ అన్నవు. నిజమే. అది ఇరవై ఏండ్ల సంది సిగరెట్లు కాలుస్తున్నోన్ని మాన్పిచ్చేటందుకు. నువ్వు ఎన్నడన్న కాల్చినవా? ఇంకొకటి, అక్కడ సీసాల ఏముండాల్నో లెక్కున్నది. మన దగ్గర 2019ల చట్టమే వచ్చింది, అమ్మినోనికి మొదటిసారి ఏడాది దాక జైలు, లక్ష దాక జరిమానా. అందుకే పాన్‌డబ్బ వెనుక దాచి ఇస్తరు. నా మైదాల పురుగు వస్తే నువ్వు నన్ను నిలదీయొచ్చు, బిల్లున్నది. ఆ డబ్బల ఏమున్నదని ఎవన్ని అడుగుతవు?

పొగాకు లేదన్నవు గని, పొద్దుగాల లేవంగనే చెయ్యి దాని మీదికి పోతుందంటే అండ్ల నికోటిన్ ఉన్నట్టే లెక్క. మానేటప్పుడు కొన్నాళ్లు చిరాకు లేస్తది. ఆగకపోతే 1800 112 356కు ఫోను చెయ్, పైసలు పడవు. దగ్గు రెండు మూడు వారాలు పట్టి ఉన్నా, హాస్టల్ మెట్లెక్కితే ఆయాసమైనా, ఎక్స్‌రే మంచిగున్నదని ఊకోవద్దు. ఊపిరి ఊది చూసే పరీక్ష చేయమని అడుగు. ఆ ఫ్యాక్టరీ వాళ్లకు కూడ మొదలు ఆస్తమా అనుకున్నరు.

నీ డబ్బ నా కాడనే ఉన్నది. పొయ్యిల వేద్దమనుకున్న, బ్యాటరీ ఉన్నదని ఆగిన. గల్లాపెట్టె కింది సొరుగుల చిల్లర నాణ్యాల పక్కన పెట్టిన.

ఇందాక మీ అమ్మ ఫోను చేసింది. "వాడు దగ్గుతుండు అన్నా, చలికేనా?" అని అడిగింది. వాన్నే అడుగమన్న. ఈ రెండు రోజుల్ల చేస్తది, ఎత్తు.

మీ మామ