చదరంగపు గడులలో ఇరవై అంకెల సంఖ్య

చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గడులకూ కావలసిన గింజలెన్ని? పాత లెక్కే, జవాబు మాత్రం అందరికీ గుర్తుండదు:

1,84,46,74,40,73,70,95,51,615.

వెయ్యి గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, పది టన్నుల లారీలు సుమారు 4,600 కోట్లు కావాలి. మన పూతలపట్టు కూడలిలో సెకనుకొక లారీ చొప్పున రాత్రింబవళ్లు సాగిపోయినా, చివరి లారీ దాటేసరికి 1,460 ఏళ్లు పడుతుంది!

ఈ సంఖ్యను తెలుగువారు ఒక చంపకమాల పద్యంలో దాచుకున్నారు. 11వ శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన రచనగా దానిని చెబుతారు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసినవాడు ఈయనే. పద్యంలో అంకెలుండవు, మాటలుంటాయి. వేదములంటే 4, అగ్ని అంటే 3, గగనమంటే సున్న, కుంజరమంటే 8 (దిగ్గజాలు ఎనిమిది కదా). ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి కుడి నుండి ఎడమకు రాసుకుపోవాలి. సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. కవి మూడు చోట్లా కొండకు మూడు వేర్వేరు పేర్లు వాడాడు, ఛందస్సు కోసం.

ఇక సంఖ్య లోపలికి పోదాం. ఇది రెండును 64 సార్లు గుణించి ఒకటి తీసివేయగా వచ్చినది. తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన a² − b² సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే అది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధంగా విడిపోతుంది. ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదూ నిజమే. ఆరవది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు. అంతటి ఫెర్మా మాటనైనా గుణించి చూడవలసిందే!

రాసుకున్న అంకెలు సరియైనవో కావో ఎలా తెలుస్తుంది? రెండును రెట్టిస్తూ 9తో భాగించండి. శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని వరుసగా తిరుగుతాయి. అరవైనాలుగవది 7. ఒకటి తీస్తే 6. మన సంఖ్య అంకెల మొత్తం 87, అంటే 15, అంటే 6. సరిపోయింది. అయితే రెండంకెలు తారుమారైతే మొత్తం మారదు గనుక ఈ పరీక్ష పట్టుకోలేదు. పద్యంలో మొదటి మాట శర (5), తరువాతది శశి (1). వ్రాయసకాడు పొరపాటున శశిని ముందు పెడితే సంఖ్య చివర 15 బదులు 51 వస్తుంది. గణాలు చెడవు, అంకెల మొత్తమూ చెడదు. కాని ప్రతి పాదంలోనూ రెండవ అక్షరంగా రావలసిన 'ర' అక్కడ తప్పిపోతుంది. ప్రాస ఎరిగిన వాడెవడైనా అక్కడే ఆగి దిద్దుకుంటాడు.