పేగుపూత తగ్గిందని మందులు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. కొన్ని నెలలుగా రోజుకు ఏడెనిమిది సార్లు విరేచనాలయ్యేవి. జిగురు, రక్తం కూడా పడేవి. కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. మెసలమిన్ మాత్రలు వాడుతున్నాక బాగా తగ్గింది. ఇమ్యూనిటీ తక్కువై ఇలా వచ్చిందని, తిప్పతీగ పొడి వాడమని బంధువులు చెబుతున్నారు. మాత్రలు మానేసి అది మొదలుపెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాత్రలు మానొద్దు. మీ సమస్య ఇమ్యూనిటీ చాలకపోవడం కాదు. పేగు గోడలోని రక్షణ వ్యవస్థ పని అయిపోయాక కూడా ఆగకపోవడం.

పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. వాటిని లోపలికి రానివ్వకుండా ఆపేది ఒకే ఒక్క వరుస కణాలు, వాటిపైన జిగురు పొర. అంత పక్కనే ఉన్నా ఆరోగ్యంగా ఉన్న పేగు వాచిపోదు. ఎందుకంటే, బ్యాక్టీరియాను పసిగట్టే టోల్-లైక్ రిసెప్టర్ల అమరికే అలాంటిది. ఉదాహరణకు టీఎల్ఆర్-5 అనే రిసెప్టర్ బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రొటీన్‌ను గుర్తుపడుతుంది. పెద్దపేగు కణాల్లో ఇది ఎక్కువగా మలం ఉండే వైపు కాక, కణం అడుగు వైపు ఉంటుంది. వాకిట్లో తిరిగేవాళ్లను వదిలేసి, గడప దాటినవాళ్లనే నిలదీసే కావలివాడన్నమాట.

బ్యాక్టీరియా గోడ దాటిందంటే కణంలో ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ మేల్కొని కేంద్రకంలోకి వెళ్తుంది. దాంతో రసాయన సంకేతాలు విడుదలై న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. మామూలు ఇన్ఫెక్షన్‌లో ఈ పని కొద్దిరోజుల్లో ముగుస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో ముగియదు. జిగురు పొర పలచబడుతుంది. న్యూట్రోఫిల్స్ పేగు గ్రంథుల్లో చేరి చీము కడతాయి. టీఎన్ఎఫ్ అనే సంకేతం కణాల మధ్య అతుకులను వదులు చేస్తుంది. ఆ సందుల్లోంచి మరింత బ్యాక్టీరియా లోపలికి చొరబడుతుంది, మళ్లీ అదే సంకేతం. మీకు పడిన రక్తం, జిగురు ఈ చక్రం ఫలితమే.

పసిగట్టడం తగ్గినా చిక్కే. చిన్నపేగుకూ సోకే క్రోన్స్ వ్యాధికి ఎన్ఓడీ-2 అనే జన్యువుతో సంబంధం ఉందని 2001లో తేలింది. కణం లోపల బ్యాక్టీరియా జాడ పట్టే రిసెప్టర్‌ను తయారుచేసేది ఈ జన్యువే. అందులో లోపం ఉన్న కొందరిలో పేగు వాపు వస్తుంది. అంటే పేగుకు కావలసింది అదుపు. అది ఏ పొడితోనూ రాదు. పైగా తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశ వైద్యులే 2021లో వైద్య పత్రికల్లో రాశారు.

మెసలమిన్ పేగు లోపలి పొర మీదే పనిచేసి వాపును తగ్గిస్తుంది. విరేచనాలు తగ్గినంత మాత్రాన లోపల మానిందని కాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించండి. ఇది న్యూట్రోఫిల్స్‌లో ఉండే ప్రొటీన్. ఎక్కువగా ఉంటే వాపు ఇంకా ఉన్నట్టే అనుకోవాలి. మోతాదు తగ్గించాలా, కొనసాగించాలా అన్నది మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టు చూసి చెబుతారు. స్టెరాయిడ్లు కూడా ఇచ్చి ఉంటే వాటిని ఒక్కసారిగా ఆపకండి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మీ అంతట మీరు కొని వేసుకోకండి, జబ్బు తిరగబెట్టవచ్చు.

మున్ముందు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్ అవసరమైతే, ముందుగా టీబీ పరీక్ష తప్పనిసరి. నిద్రాణంగా ఉన్న టీబీ క్రిమిని కట్టడి చేసేది కూడా టీఎన్ఎఫే.

రోజుకు ఆరుసార్లు, అంతకు మించి రక్త విరేచనాలు, వాటితో పాటు జ్వరం, గుండె దడ లేదా కడుపు ఉబ్బరం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేరండి. సమయానికి చికిత్స అందితే చాలామంది మామూలుగా ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని కని పెంచుకుంటూ హాయిగా జీవిస్తున్నారు. మీరూ అలాగే ఉండగలరు, మందులు మాత్రం మానకండి.