పొడి ఇనుమును కాల్చే పొయ్యి

స్టీలు గిన్నెను మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టకూడదు. పెడితే చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి. ఒక్కోసారి పొయ్యే పాడవుతుంది. బంగారు గీత ఉన్న పింగాణీ పళ్లెం పెట్టినా అంతే.

మరి అలాంటి పొయ్యిలోనే ఇనుమును కాల్చి, బండికి గేర్లు చేయొచ్చంటే నమ్ముతారా? కానీ నిజమే. అయితే ఆ ఇనుము గిన్నెలాగో కడ్డీలాగో ఉండకూడదు. పొడిగా ఉండాలి.

పొడితో గేరు ఎలా అవుతుంది? సున్నుండలు చేయడం మీకు తెలుసు. పిండిని పిడికిట్లో గట్టిగా ఒత్తితే ఉండ అవుతుంది. లోహపు పొడిని కూడా అచ్చులో పోసి యంత్రంతో ఒత్తుతారు. ఆకారం వస్తుంది. కానీ కింద పడితే సున్నుండలాగే చిదికిపోతుంది. దానికి బలం రావాలంటే కాల్చాలి. కుమ్మరి పచ్చి కుండను ఆవంలో పెట్టినట్టే.

అయితే లోహం కరగకూడదు. ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొడి ముక్కను 1100 డిగ్రీలు దాటేదాకా కాలిస్తే చాలు. ఆ వేడికి రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఇలా చేసిన వస్తువులు ఇళ్లలోనే ఉన్నాయి. చాలా టేబుల్ ఫ్యాన్లలో ఇరుసు తిరిగే కంచు బుష్ పొడితో చేసిందే. దాని నిండా కంటికి ఆనని సన్న కన్నాలుంటాయి. వాటిలో నూనె నిలిచి ఉంటుంది. పాతరకం బల్బులో వెలిగే తీగ కూడా మొదట పొడే. దాని పేరు టంగ్‌స్టన్. అది కరగాలంటే 3400 డిగ్రీలు దాటాలి. కరిగించి పోయడం చాలా కష్టం. అందుకే పొడిని ఒత్తి, కాల్చి, సాగగొట్టి తీగ లాగారు.

మామూలు కొలిమిలో వేడి బయటినుంచి లోపలికి మెల్లగా పోవాలి. గంటలు పడుతుంది. కరెంటు ఖర్చు సరే, ఇంకో నష్టం కూడా ఉంది. చాలాసేపు వేడిలో ఉంటే లోపలి రేణువులు పెరిగి పెద్దవవుతాయి. అవి పెద్దవైతే లోహం బలం తగ్గుతుంది.

మైక్రోవేవ్‌లు రేడియో తరంగాల జాతివే. ఇంట్లో వాడే పొయ్యిలో అవి సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతాయి. తడి ఉన్న కూర, అన్నంలోకి దూరి వేడెక్కిస్తాయి. లోహం ఎదురైతే మాత్రం అద్దం మీద పడ్డ వెలుగులా వెనక్కి తిరుగుతాయి. లోహంలోకి అవి దూరేది దాదాపు మిల్లీమీటరులో వెయ్యో వంతు మందమే. గిన్నెకు అదొక లెక్క కాదు.

పొడి సంగతి వేరు. గుమ్మడికాయ బరువులో తొక్క కొంచెమే. అదే బరువు ఆవాలు తీసుకుంటే పొట్టే బోలెడంత. లోహపు పొడీ అంతే. ఒక్కో రేణువు వెంట్రుక మందమో, అంతకన్నా సన్నమో ఉంటుంది. తరంగాలు సందుల్లోకి దూరి రేణువుల పైపొరలను వేడి చేస్తాయి. ముక్క లోపలా బయటా ఒకేసారి కాగుతుంది. అందుకే పని త్వరగా అవుతుంది.

లోహం తరంగాలను తిప్పికొడుతుందన్న మాటనే నమ్ముకుని చాలాకాలం ఎవరూ దీని జోలికి పెద్దగా పోలేదు. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసి చూపించారు. వారిలో ఒకరు రుస్తుం రాయ్. ఆయన పుట్టింది మన రాంచీలో. అంగళ్లలో దొరికే మామూలు లోహపు పొడులే తీసుకున్నారు. కాలిన ముక్కలు పాత పద్ధతి ముక్కలకన్నా గట్టిగా వచ్చాయి. ఆ ఫలితాలు ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాయి.

ఇది ఇంట్లో చేసి చూసే పని కాదు. కాకరపువ్వొత్తి వెలిగిస్తే రాలే చుక్కలు మండుతున్న ఇనుప రజనే. సన్నటి లోహపు పొడి గాలిలో అంత తేలిగ్గా మండుతుంది. అందుకే ఫ్యాక్టరీ పొయ్యిలోంచి గాలి తీసేసి, నైట్రోజన్ లాంటి వాయువు నింపి కాలుస్తారు.

హైదరాబాదు దగ్గర బాలాపూర్‌లో లోహపు పొడుల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. అయినా ఎక్కడ చూసినా పొడి ముక్కలు ఇంకా ఎక్కువగా పాత కొలిముల్లోనే కాలుతున్నాయి. తరంగాలు పొయ్యి అంతటా సమానంగా పరుచుకోవు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ముక్క పెద్దదైతే ఒకవైపు కాలి, ఒకవైపు పచ్చిగా ఉండిపోవచ్చు. వంటింటి మైక్రోవేవ్‌లో గాజు పళ్లెం గుండ్రంగా తిరుగుతూ ఉండేది కూడా ఇందుకే.