ఓడ ఎక్కే ముందు

పాఠ్యాంశ ప్రవేశం: ఒక ప్రయాణంలో రెండు మూడు వాహనాలు మారవలసి వచ్చినప్పుడు, వాటి నడుమ ఎంత వ్యవధి ఉంచుకోవాలన్నది చూడడానికి చిన్న విషయం. కాని ఆ చిన్న విషయం మీదనే మొత్తం ప్రయాణం ఆధారపడుతుంది. విహార నౌకలో సముద్రయానం చేయదలచినవారు రేవు పట్టణానికి విమానంలో ఎప్పుడు చేరుకోవాలన్న ప్రశ్నను ఈ పాఠం పరిశీలిస్తుంది.

పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్‌కు సముద్రంతో ఏ సంబంధమూ లేదు. ఎటు చూసినా పొలాలు, చెరువులు, వాటికి ఆవల సింగరేణి గనుల మట్టిగుట్టలు. అయితే కాలం విలువ తెలియడంలో ఈ ప్రాంతం ఏ రేవు పట్టణానికీ తీసిపోదు. బొగ్గు గనుల చుట్టూ ఉన్న ఊళ్లలో రోజు షిఫ్టులుగా విడిపోయి ఉంటుంది. గనిలో హాజరును మస్టరు అంటారు. వేళ దాటితే మస్టరు పడదు, మస్టరు పడకపోతే ఆనాటి కూలి లేదు. అందుచేత వానకాలంలో వాగు పొంగుతుందనో, సైకిలు గాలి దిగిపోతుందనో ముందే తలచి, అవసరమైనదానికన్నా కొంత ముందుగా ఇల్లు విడవడం ఇక్కడి గని కార్మికులకు జీవితకాలపు అలవాటు.

అటువంటి ఒక విశ్రాంత కార్మికుడి కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పదవీ విరమణ తరువాత వచ్చిన డబ్బులో కొంత పక్కనపెట్టి భార్య, కొడుకు, కోడలితో కలిసి విశాఖపట్నం నుంచి విహార నౌకలో మూడు రోజులు తిరిగి రావాలని ఆయన కోరిక. ఇది అసాధ్యమైన కోరిక కాదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ప్రయాణికులను తీసుకువెళ్లింది. 2023 సెప్టెంబరు 4న విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

ఓడ సాయంత్రం 6 గంటలకు కదులుతుందనీ, ప్రయాణికులను ఎక్కించుకోవడం నాలుగున్నరకే ఆపివేస్తారనీ అనుకుందాం. ఈ గంటన్నర తేడాను చాలామంది గమనించరు. టికెట్టు మీద అచ్చువేసిన వేళ ఓడ కదిలే వేళ మాత్రమే. సామాన్ల తనిఖీ, గుర్తింపు పత్రాల పరిశీలన, ప్రయాణికుల తుది జాబితా తయారీ అంతకుముందే ముగియాలి కనుక విహార నౌకలు సాధారణంగా గంట నుంచి గంటన్నర ముందే తలుపులు మూస్తాయి. చివరి ఘడియలో వచ్చిన ప్రయాణికుడికి ఓడ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది గాని ఎక్కనివ్వరు.

కొడుకు ఆలోచన ఇది. శంషాబాద్‌లో ఉదయం 11 గంటలకు విమానం ఎక్కితే పన్నెండుంబావుకు విశాఖ. టెర్మినల్‌కు నాలుగున్నర లోపు చేరితే చాలు. నాలుగు గంటల వ్యవధి చేతిలో ఉంది. ముందురోజే వెళితే బస ఖర్చు దండగ, ఒకరోజు సెలవు దండగ.

“బాపూ, మధ్యాహ్నానికే విశాఖల ఉంటం. నాలుగు గంటల టైం మిగుల్తది. ఇంకేం గావాలె?”

“విమానం లేటయితే నాలుగు గంటలు సరిపోతయి బిడ్డా. అసలే పోకపోతే?”

తండ్రి ప్రశ్నలోనే ఈ విషయమంతా ఉంది. ఆలస్యం వేరు, రద్దు వేరు. ఆలస్యానికి వ్యవధి మందు. రద్దుకు మందు వ్యవధి కాదు, రెండో దారి. పదకొండు గంటల విమానం రద్దయితే మిగిలిన దారులు ఏవి? ఆ తరువాతి విమానంలో నలుగురికి ఒకేసారి చోటు దొరకాలి, సెలవుల కాలంలో అది అరుదు. హైదరాబాద్ నుంచి విశాఖకు రోడ్డు మీద 600 కిలోమీటర్లకు పైగా దూరం, కారులో బయలుదేరినా చేరేసరికి రాత్రి అవుతుంది. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ రైలుకు సైతం సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. అంటే ఉదయం 11 గంటలకు విమానం రద్దయిందని తెలిసిన క్షణాన, మరో విమానం దొరికితే తప్ప, సాయంత్రం నాలుగున్నరకు విశాఖ రేవు చేరే దారి లేదు. చేతిలో నాలుగు గంటలు ఉన్నట్లు కనిపించినా, నిజానికి ఆ కుటుంబం ఒకే దారాన్ని పట్టుకుని వేలాడుతున్నది.

ఇదే విమానం ముందురోజు ఉదయం 11 గంటలకు రద్దయితే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఆ సాయంత్రం విమానాలు ఉన్నాయి. 1974 నుంచి హైదరాబాద్–విశాఖల మధ్య రాత్రిపూట నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి బస్సులు ఉన్నాయి. ఏవీ దొరకకపోతే కారు మాట్లాడుకుని బయలుదేరినా తెల్లవారేసరికి విశాఖలో ఉండవచ్చు. తెలుగునాట రాత్రి ప్రయాణపు సదుపాయం సమృద్ధిగా ఉంది. ముందురోజు బయలుదేరినవాడు ఆ రాత్రినంతటినీ తనకు అండగా ఉంచుకుంటాడు. ఓడ కదిలే రోజున బయలుదేరినవాడు దానిని వదులుకుంటాడు.

అయితే “ముందురోజు” అన్న మాటలోనూ తేడాలు ఉన్నాయి. ముందురోజు రాత్రి చివరి విమానానికి టికెట్టు కొన్నవాడికి దక్కే రక్షణ స్వల్పం. ఒకే విమానం పగలంతా ఊరి నుంచి ఊరికి తిరుగుతూ ఉంటుంది. ఉదయం ఒకచోట జరిగిన జాప్యం సాయంత్రానికి పేరుకుంటుంది. పైగా చివరి విమానం రద్దయ్యే వేళకు రాత్రి రైళ్లు సైతం బయలుదేరిపోయి ఉంటాయి. కనుక ముందురోజు ఉదయపు విమానమే మేలు. డబ్బు కొద్దిగా ఎక్కువైనా ఈ తేడా కొనదగినది.

విమానం ఒక్కటే చూసుకుంటే చాలదు. కమాన్‌పూర్ నుంచి శంషాబాద్ చేరడమే మొదటి పరీక్ష. బసంత్‌నగర్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది గాని ప్రయాణికుల విమానాలు అక్కడి నుంచి నడవవు. రామగుండం స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలుదారిలో సుమారు 230 కిలోమీటర్లు. రాజీవ్ రహదారి మీద కారులో వెళ్లినా, నగరం దాటి శంషాబాద్ చేరేసరికి ఐదు గంటలు పడుతుందని లెక్కవేసుకోవాలి. రైలు నమ్మదగినదే. కాని 2024 నవంబరు 12 రాత్రి రాఘవాపూర్, రామగుండం స్టేషన్ల మధ్య ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పింది. 11 వ్యాగన్లు పక్కకు ఒరిగి, ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గంలో రాకపోకలు నిలిచిపోయాయి. మరునాడు అనేక రైళ్లు రద్దయ్యాయి, కొన్నింటిని దారి మళ్లించారు. ఆ తెల్లవారుజామున రైలెక్కి శంషాబాద్‌లో విమానం అందుకోవాలనుకున్నవారికి విమానాశ్రయంలో అంతా సక్రమంగా ఉన్నా ప్రయోజనం లేదు. గొలుసులో ఏ కొక్కెం తెగినా తెగినట్లే.

ఇందులో ఖర్చు లెక్క కూడా ఉంది. నలుగురికి ఓడ టికెట్లు 1,20,000 రూపాయలు, విశాఖలో ఒక రాత్రి బస 4,000 రూపాయలు అనుకుంటే, బస ఖర్చు టికెట్ల ఖర్చులో ముప్పయ్యో వంతు. ముప్పై ప్రయాణాల్లో ఒక్కటైనా చెడే అవకాశం ఉంటే బస ఖర్చు గిట్టుబాటు అయినట్లే. కొడుకు ఈ లెక్కను ఒప్పుకోడు. అంత తరచుగా విమానాలు రద్దు కావని అతని వాదం, అది చాలావరకు నిజమే కూడా. కాని ముప్పై సార్లు ఓడ ఎక్కేవాడికి ఈ లెక్క సరిపోతుంది. జీవితంలో ఒకేసారి ఎక్కేవాడికి సగటుతో పని లేదు. విమానం రద్దయితే సంస్థ మరో విమానంలో చోటు ఇస్తుంది, లేదా ఆ టికెట్టు డబ్బు తిరిగి ఇస్తుంది. వాతావరణం వంటి కారణాలకైతే అదనపు పరిహారం కూడా ఉండదు. ఓడ టికెట్టుకు ఆ విమాన సంస్థ బాధ్యత వహించదు, ఎందుకంటే ఆ ప్రయాణికుడు తరువాత ఓడ ఎక్కబోతున్నాడన్న సంగతి దాని లెక్కలోనే లేదు. ప్రయాణ బీమా ఉంటే కొంత ఊరట కలగవచ్చు, అదీ షరతులు చదివి కొన్నవారికే.

పూర్వం ఈ చిక్కు లేదు. తెరచాపల కాలంలో ఓడ గాలి కోసం ఆగేది, మనుషుల కోసమూ ఆగేది. మనుషులు అంతకంటె ఎక్కువ కాలం ఓడ కోసం ఆగేవారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అటువంటి వలస ఓడలు ఎక్కేవారు ముందుగా డిపోలో చేరి, పేర్లు రాయించుకుని, వైద్య పరీక్షలు ముగించుకుని, ఓడ సిద్ధమయ్యేదాకా అక్కడే ఉండేవారు. గంటల లెక్క వారికి తెలియదు, అవసరమూ లేదు. ఓడకు గడియారం కట్టిన తరువాతనే ప్రయాణికుడికి ఈ ఆందోళన మొదలైంది.

తెలుగు ఇళ్లలో బయలుదేరే వేళకూ ప్రయాణపు వేళకూ మధ్య ఎడం ఉంచే ఆచారం మరొకటి ఉంది. మంచి రోజు ఒకటి, ప్రయాణం చేయవలసిన రోజు మరొకటి అయినప్పుడు, మంచి వేళలో ఒక మూటను పొరుగింట ఉంచి వస్తారు. దీనినే ప్రస్థానం అంటారు. మూట బయలుదేరింది కనుక మనిషి బయలుదేరినట్లే. ఓడకు ఈ సదుపాయం పనికిరాదు. మూట ఎక్కినా మనిషి ఎక్కకపోతే ఓడ ఆగదు.

తుపాను కాలంలో ఒక రాత్రి సరిపోతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానులు ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయ భవనం దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు నిలిచిపోయాయి. 2015 డిసెంబరు మొదటి వారంలో వరదనీరు చేరి చెన్నై విమానాశ్రయం మూతపడింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గం తెగిపోయింది. అదే వర్షాలకు హైదరాబాద్–విజయవాడ రహదారి మీద కూడా రాకపోకలు ఆగాయి. రెండో దారి కూడా మొదటి దారి మునిగిన నీటిలోనే మునిగితే అది రెండో దారి కాదు. కనుక ఆ నెలల్లో వాతావరణ శాఖ హెచ్చరికలను నాలుగు రోజుల ముందు నుంచీ చూస్తూ, అవసరమైతే మరో రోజు ముందుకు జరగడం మంచిది. అటువంటప్పుడు ఓడ సంస్థ కూడా తేదీనో మార్గాన్నో మార్చవచ్చు. ఆ సమాచారం అందే ఫోను నంబరును సరిగా నమోదు చేయించుకున్నారో లేదో చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లి, అక్కడ ఫ్లోరిడా రేవుల నుంచి ఓడ ఎక్కే తల్లిదండ్రులు గోదావరిఖని ప్రాంతంలోనూ ఉన్నారు. వారి విషయంలో ఒక రోజు చాలదు. దారిలో కనీసం ఒకచోట విమానం మారాలి. మారినచోట సామాను వెనుకబడవచ్చు. వెనుకబడిన సంచి మరునాడు ఇంటికి చేరుతుంది గాని ఓడకు చేరదు. గడియారం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటలు వెనక్కి తిరుగుతుంది కాబట్టి పెద్దవారికి నిద్ర కుదరడానికే రెండు మూడు రోజులు కావాలి. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి.

ఓడ ఎక్కిన వెంటనే జరిగే ఒక పనిని కూడా ఇక్కడ చెప్పాలి. ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో, రక్షణ కవచం ఎలా తొడుక్కోవాలో ప్రయాణికులందరికీ నేర్పుతారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా నౌక ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆ రోజే ఎక్కిన సుమారు ఏడువందల మందికి అప్పటికి ఆ శిక్షణ ఇవ్వలేదు. 2015 నుంచి అంతర్జాతీయ నిబంధన మారి, ఓడ కదలకముందో కదిలిన వెంటనే ఈ శిక్షణ తప్పనిసరి అయింది. దానికి ఓడలో ఉన్న పేరు కూడా మస్టరే. పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కినవాడు ఆ మాటలను వగర్చుతూ వింటాడు. గని కార్మికుడికి మాత్రం ఆ పేరు కొత్త కాదు.

ఇంతకూ ఆ ఇంట వాదం తీరింది తండ్రి లెక్కవల్ల కాదు, తల్లి మాటవల్ల. కమాన్‌పూర్ ఆదివరాహస్వామి కొలువైన ఊరు. విశాఖ దగ్గరి సింహాచలంలో ఉన్నది వరాహలక్ష్మీ నరసింహస్వామి. దాదాపు ఏడాదంతా చందనపు పూతలో ఉండే ఆ స్వామిని చూడాలని ఆమెకు ఎప్పటినుంచో ఉన్నది. ముందురోజు ఉదయమే విశాఖ చేరితే సాయంత్రం సింహాచలం వెళ్లిరావచ్చునని ఆమె అన్నది. కొడుకు ముందురోజు ఉదయపు విమానానికి నాలుగు టికెట్లు తీసుకున్నాడు. తిరుగు ప్రయాణానికి మాత్రం, ఓడ రేవు చేరే రోజు ఉదయం కాక సాయంత్రపు విమానానికి తీసుకున్నాడు. అది అతని సొంత ఆలోచన.

ప్రశ్నలు

1. “ఆలస్యానికి వ్యవధి మందు. రద్దుకు మందు వ్యవధి కాదు, రెండో దారి.” ఈ వాక్యాలను సందర్భసహితంగా వివరించండి.
2. ముందురోజు ఉదయపు విమానానికీ, రాత్రి చివరి విమానానికీ గల భేదమేమి?
3. కొడుకు వాదంలోని బలమెంత? తండ్రి దానికి ఏ సమాధానం చెప్పగలడు?
4. మీ ఊరి నుంచి విశాఖ రేవుకు చేరే దారులను రాసి, వాటిలో ఒకటి మూసుకుపోతే ఏ వేళకు బయలుదేరవలసి ఉంటుందో లెక్కవేయండి.