కంటికందని కాంతి

మృతసముద్ర తీరమునందలి గుహలలో 1947 మొదలుకొని సుమారు రెండువేల యేండ్లనాటి తోలు గ్రంథములు దొరకినవి. వానిలో కొన్ని తునకలు కాలవశమున నల్లబడిపోయినవి. పండితులు వానిని ఎంత పరికించినను అక్షరములు కనబడలేదు. కాని నజీబ్ అల్బీనా అను ఛాయాగ్రాహకుడు జెరూసలేము మ్యూజియములో పరారుణ ఫిల్ముపై వానిని చిత్రింపగా, నల్లని తోలుపై అక్షరములు స్పష్టముగ తేలినవి. ఇది యెట్లు సాధ్యమైనది?

1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులోని వేడిమిని ఉష్ణమాపకముతో కొలిచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును లేనిచోట సైతము వేడిమి కానవచ్చెను. మరుసటి యేట జర్మనీలో రిట్టర్ అను శాస్త్రజ్ఞుడు ఊదారంగునకు ఆవల వెండి లవణము నుంచగా, అది త్వరితముగ నల్లబడెను. మొదటివి పరారుణ కిరణములు. రెండవవి అతినీలలోహిత కిరణములు.

మన కన్ను సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు గల తరంగములనే చూడగలదు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఫోటో ఫిల్మునకు ఈ హద్దులు లేవు. దానిపై పూసిన వెండి లవణములు సహజముగనే అతినీలలోహిత కిరణములను గ్రహించును. తగిన రంగు పదార్థములు చేర్చినచో పరారుణ కిరణములను గూడ గ్రహించును. 1910లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ఇట్టి చిత్రములను ప్రకటించెను. పరారుణ చిత్రములలో ఆకాశము నల్లగను, చెట్ల ఆకులు మంచు కప్పినట్లు తెల్లగను ఉండెను.

ఫ్లాష్ దీపపు మెరుపులో పరారుణ కిరణములు పుష్కలముగ ఉండును. వానిని మాత్రమే పోనిచ్చు ఫిల్టరును దీపమునకు అమర్చి చీకటిగదిలో వెలిగించినచో, ఎదుటివారికి మెరుపు దాదాపు తెలియదు. ఫిల్ముపై మాత్రము చిత్రము పడును. ఈ ఫిల్మును కటిక చీకటిలో కెమెరాలో ఎక్కింపవలెను. పరారుణ కిరణములు కటకమునకు కొంత దూరముగ కేంద్రీకరించును. కావున కంటికి సరిపడునట్లు అమర్చిన కటకమును మరికొంచెము ముందుకు జరుపవలెను.

అతినీలలోహిత చిత్రమునకు చిక్కులు వేరు. సాధారణపు గాజు ఆ కిరణములలో పెక్కింటిని అడ్డగించును. అందుచే శాస్త్రజ్ఞులు క్వార్ట్జు కటకములను వాడుదురు. ఆ దీపములు కంటికి హానికరములు; వానివంక సూటిగ చూడరాదు. ఈ శ్రమకు ఫలితము అద్భుతము. పొద్దుతిరుగుడు రేకులు మనకు ఆద్యంతము పసుపే. ఆ చిత్రమునందో, రేకుల మొదళ్లు నల్లనై, పూవు నడుమ వలయము కట్టినట్లుండును. ఈ కిరణములను చూడగల తేనెటీగకు అది తేనె యున్నచోటును తెలుపు గురుతు.

ఇక తోలు గ్రంథముల మర్మము తేటపడును. మసితో చేసిన సిరా పరారుణ కిరణములను మ్రింగివేయును. నల్లబడిన తోలు వానిని తిరిగి వెలువరించును. కావుననే కంటికి ఒక్కటిగ తోచిన రెండు నలుపులును ఫిల్ముపై వేరుపడినవి. తరువాతి కాలమున ఆ తునకలలో కొన్ని మరింత శిథిలమైనవి. వానిపై నుండి రాలిపోయిన అక్షరములకు నేడు ఆ ఫిల్మే సాక్ష్యము.

ఇప్పుడు ఫిల్ము స్థానమును చాలవరకు డిజిటల్ కెమెరాలు ఆక్రమించినను, సూత్రమొక్కటియే. కంటికి కనబడలేదు గావున లేదనుట తొందరపాటు. చూచు సాధనమును మార్చి మరల చూచుటయే శాస్త్రజ్ఞుని మార్గము.